కళ్ళు పెట్టని కుందేలు

అనగనగా సముద్రాలకి అవతల, మెక్సికో దేశంలో, కొండ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరిదీ కొయ్యబొమ్మల పని. ఇవాళ బొమ్మల సినిమాలో చూశావే, నక్క ఒంటికి పక్షి రెక్కలు, కప్ప మూతికి జింక కొమ్ములు, పోయినవాళ్ళకి దారి చూపించి ఇంటికి తీసుకొచ్చేవి? అలాంటి జంతువులే. మగవాళ్ళు చెక్కుతారు, ఆడవాళ్ళు రంగులేస్తారు. కళ్ళు మాత్రం అన్నిటికన్నా చివర్న పెడతారు.

ఆ ఊళ్ళో ఎలోదియా అని ఒకావిడ, ఆవిడ మొగుడు ఫౌస్తో. అతను ఒకసారి ఒక కుందేలుని చెక్కాడు. దానికి కోడిపుంజు జుట్టు, ఉడుము తోక పెట్టి, ఎండబెట్టమని భార్య చేతికిచ్చాడు. అది ఎండేలోపే జ్వరమొచ్చి పోయాడు. అవును తల్లీ, పోయాడు.

ఆ దేశంలో పోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారని నమ్మకం. మనం పెద్దలకి పెట్టుకోమూ, అలాగే, కాకపోతే వాళ్ళు పండగలా చేస్తారు. ఓ రోజు మధ్యాహ్నం మూడింటికి వస్తారు, మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. కంటికి కనబడరు. పెట్టిన వంటలోంచి రుచి మాత్రం తీసుకుపోతారు. తర్వాత మనం తింటే చప్పగా ఉండాలి. ఉంటే వచ్చినట్టు, లేకపోతే లేదు.

మొదటి ఏడాది ఎలోదియా అతనికిష్టమైన కోడికూర వండింది. అందులో మిరపకాయలూ, చాక్లెట్టూ నూరి వేస్తారు. మొహం అలా పెట్టకు, అది వాళ్ళ వంట. మర్నాడు తిని చూస్తే కూర కమ్మగా ఉంది. ఆవిడ గిన్నె పక్కకి తోసేసింది.

రెండో ఏడాది దారి తెలియలేదేమో అనుకుని, వీధి మలుపు నుంచి గడప దాకా బంతిపూల రేకులు చల్లింది. మర్నాడు కూర కమ్మగానే ఉంది.

మూడో ఏడాది ఇల్లంతా పొగతో నిండేలా సాంబ్రాణి వేసింది. అప్పుడూ కమ్మగానే ఉంది.

ఆ తర్వాతి ఏడాది పండగ దగ్గరికొచ్చింది. అప్పుడు వాళ్ళత్త తొమాసా, కొడుకు పోయాక నోరింకా పదునెక్కిన ముసలావిడ, అలమరలోంచి ఆ కుందేలుని తీసి బల్ల మీద పెట్టింది. అది ఇంకా పచ్చి కొయ్య రంగులోనే ఉంది. ప్రతి ఎండాకాలం దానికి పగుళ్ళు వస్తే, ఎలోదియా రంపప్పొట్టూ జిగురూ కలిపి పూడుస్తుంది. రంగు మాత్రం వెయ్యలేదు.

"వాడికి దారి చూపించాల్సింది ఇదేనే. గుడ్డిదాన్ని కూర్చోబెట్టి, నా కొడుకుని మూడేళ్ళుగా వీధిలో నిలబెట్టావు" అంది తొమాసా.

ఎలోదియా కుందేలు వీపు మీద పూడ్చిన పగులుని వేలితో తడిమింది. ఆ తర్వాత, "ఇది పూర్తయితే, మేమిద్దరం కలిసి చేసేది ఇంకేమీ మిగలదత్తా" అంది.

అత్త లేచింది. రంగుల డబ్బాలు తెచ్చి పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి మిరపకాయలు నూరడం మొదలుపెట్టింది.

అప్పుడు ఎలోదియా కుందేలుని ఒళ్ళో పెట్టుకుంది. మొదటిరోజు ఒంటికి నీలం వేసింది. రెండోరోజు ఉడుము తోక మీద కిత్తనార మొక్క ముల్లుతో పసుపు చుక్కలు పెట్టింది, ఒక్కొక్కటీ ఆవగింజంత. మూడోరోజు కళ్ళు. ఉదయమంతా కుంచె పట్టుకుని కూర్చుంది. రంగు రెండుసార్లు ఎండిపోతే రెండుసార్లు మళ్ళీ కలిపింది. చివరికి కుడికన్ను పెట్టింది. వెంటనే ఎడమకన్నూ పెట్టేసింది, ఆగితే పెట్టలేనని తెలిసి.

కుందేలుని ఫౌస్తో ఫొటో పక్కన నిలబెట్టారు. మూడు గంటలైంది. తలుపు తీసే ఉంది. ఏమీ జరగలేదు. కుందేలు కదల్లేదు, ఎవరూ రాలేదు, గాలి కూడా వీచలేదు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూడకుండా గడిపారు.

మర్నాడు మధ్యాహ్నం ఎలోదియాకి ధైర్యం చాల్లేదు. తొమాసాయే ముందు ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"ఉప్పు కూడా మిగల్చలేదు వెధవ" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది.

ఎలోదియా తిని చూసింది. గడ్డి నమిలినట్టుంది. వచ్చాడు, తిన్నాడు, వెళ్ళిపోయాడు. ఆవిడ అతన్ని చూడనే లేదు. గిన్నె ముందుకి లాక్కుని ఇంకో గరిటె వేసుకుంది. ఆ చప్పిడి కూర అడుగు కనిపించేదాకా తింది.

కథేమో కంచికెళ్ళింది,
కూరేమో చప్పబడింది,
దుప్పటి కప్పుకో తల్లీ,
మనం పోదాం ఇంటికి మళ్ళీ.