సంకల్పంలో పాత నది

"గురువుగారూ, నేను పన్నేమీ ఎగ్గొట్టడం లేదు కదా! నెలనెలా కడుతూనే ఉన్నాను. ఏ రాష్ట్రానికి కడితేనేం?" అని హైమ అడిగింది. ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పే అలవాటు సోమయాజులుగారికి లేదు. "ముందు పీట మీద కూర్చో అమ్మా," అన్నారు.

శాక్రమెంటోలో ఉండగా హైమ మూడేళ్ళపాటు ఆయన దగ్గర వీడియోలో పూజావిధానం నేర్చుకుంది. అక్కడి అద్దెలు భరించలేక ఎనిమిది నెలల క్రితం కూతుర్ని వెంటబెట్టుకుని, పక్క రాష్ట్రంలో ఆయన ఉండే పోర్ట్‌లాండ్‌కే వచ్చేసింది. ఉద్యోగం ఇంట్లోంచే కాబట్టి ఆఫీసుకి చెప్పలేదు. వాళ్ళేమో ఆమె జీతంలోంచి రాష్ట్ర పన్ను పట్టుకుని ఇప్పటికీ కాలిఫోర్నియాకే కడుతున్నారు. చెప్పేద్దామనే ఒకసారి అనుకుంది. అంతలోనే, ఇలాగే రాష్ట్రం మారిన సహోద్యోగి ఒకాయన నిజం చెప్పుకుంటే, ఆ రాష్ట్రంలో మాకు మనుషులు అక్కర్లేదంటూ నెల తిరక్కుండా సాగనంపారు. తల్లీకూతుళ్ళకి ఆ జీతమే ఆధారం. హైమ నోరు కుట్టేసుకుంది.

ఇప్పుడు ఆఫీసే అడుగుతోంది. మీరు పనిచేస్తున్న చిరునామా ఇదేనా అని పాత చిరునామా చూపించి, ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోగా జవాబివ్వమంది. 'అవును' అని నొక్కితే మరో ఏడాది చూసుకోనక్కర్లేదు. లాప్‌టాప్ వంటింటి గట్టు మీద తెరిచే ఉంది. పదకొండున్నర దాటింది. ఇక్కడ చూస్తే కొత్తింట్లో వ్రతం, ఎదురుగా గురువుగారు.

పూజ మొదలుపెట్టేవాళ్ళు తామెక్కడ ఉన్నారో, ఏ నది ఒడ్డున కూర్చున్నారో చెప్పుకోవాలి. అదే సంకల్పం. శిష్యులు దాన్ని సొంతంగా చెప్పుకోవాలని సోమయాజులుగారి పట్టు. హైమ అక్షతలు పట్టుకుని గడగడా అందుకుంది. "శాక్రమెంటో నదీ తీరే..."

ఆయన చెయ్యెత్తారు. "మళ్ళీ చెప్పు."

ఎక్కడ తప్పిందో ఆమెకి తెలియలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆయన మళ్ళీ చెయ్యెత్తారు. తప్పేమిటో చెబితే ఆయన సొమ్మేం పోతుంది! గడియారం చూస్తే పావుతక్కువ పన్నెండు. హైమకి ఏడుపొచ్చినంత పనైంది. గుప్పిట్లో అక్షతలు చెమటకి తడిసి ముద్దయ్యాయి. మూడోసారి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెబుతుంటే, నది పేరు దగ్గరికి వచ్చేసరికి పోర్ట్‌లాండ్‌లో పారే నది గుర్తొచ్చింది. చిన్నగా అంది. "విలమెట్ నదీ తీరే."

ఆయన తలాడించి నీళ్ళు వదలమన్నారు. నీళ్ళు వదిలీ వదలగానే హైమ లేచి గట్టు దగ్గరికి వెళ్ళింది. వేలు 'అవును' మీదికి పోయింది గానీ నొక్కలేకపోయింది.

"చెబితే ఉద్యోగం పోతుందేమోనండీ! పిల్లనేం పెట్టి పెంచను?" అంది, దుఃఖం ఆపుకోలేక.

సోమయాజులుగారు వ్రతకథ పుస్తకం తెరుస్తూ అన్నారు. "పోతుందో ఉంటుందో నాకు తెలియదమ్మా. నువ్వెక్కడున్నావో మాత్రం ఇప్పుడే నీ నోటితో విన్నాను."