గవర్రాజు డబ్బాలో రాగి పట్టీలు

రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరగా గవర్రాజు అనే రంగు అద్దాల మేస్త్రి ఉండేవాడు. ఎంత పనిమంతుడో అంత పిసినారి, తన దగ్గర మిగిలిన తునక కూడా ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆయనకి ప్రాణం ఒప్పేది కాదు.

ఆ మేస్త్రి షెడ్డులో నేనూ పనిచేశాను. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేసేదాన్ని గానీ, పట్టీ చుట్టడంలో మాత్రం నా వేలికి ఎదురులేదు. పట్టీ అంటే రాగి పట్టీ, పిల్లలూ. ఉల్లిపొరంత పల్చగా, చిటికెన వేలి గోరంత వెడల్పుగా చుట్టలు చుట్టి వచ్చేది. ఒకవైపు జిగురు, జిగురు మీద కాగితం. కాగితం ఒలిచి, ప్రతి అద్దం ముక్క అంచుకీ ఆ పట్టీ అంటించి, పుల్లతో గట్టిగా రుద్దేవాళ్లం. గాజుకి టంకం అంటదు, రాగికి అంటుతుంది. అందుకని పట్టీ చుట్టిన ముక్కల్ని పక్కపక్కన పేర్చి పైన టంకం పోస్తే, అన్నీ కలిసి ఒకే అద్దంగా నిలబడేవి. ఎండలోకి ఎత్తి పట్టుకుంటే మా చీరల మీద ఎరుపు, నీలం, పసుపు పడేవి. ఆ రంగులు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి.

చుట్టగా చుట్టగా జానెడో బెత్తెడో పట్టీ మిగిలిపోయేది. గవర్రాజు ఆ ముక్కలన్నీ ఏరి ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి, టంకం పొయ్యి పైన అలమరలో పెట్టేవాడు. పన్నెండేళ్ల ముక్కలు ఉండేవి అందులో.

ఒకసారి పక్కింటి కనకరత్నం వచ్చి అడిగింది.

"మేస్త్రిగారూ, నత్తలు మా బచ్చలి తీగని బతకనివ్వడం లేదండీ. రాగి తగిలితే వెనక్కి తిరిగిపోతాయట. కుండీ చుట్టూ అంటించుకుంటాను, రెండు ముక్కలు ఇద్దురూ!"

"నత్తలకి కంచె కట్టడానికేనా నేను మద్రాసు నుంచి తెప్పించింది?" అన్నాడు గవర్రాజు.

రిక్షా అబ్బులు టార్చిలైటు పట్టుకొచ్చాడు. బ్యాటరీ తగిలేచోట తుప్పు పట్టింది, గోరంత రాగి అంటిస్తే వెలుగుతుంది అన్నాడు.

"వెన్నెల ఉన్నప్పుడు తొక్కు," అన్నాడు గవర్రాజు.

ఆయన భార్య మంగతాయారు ఊరుకునేది కాదు. "ఆ డబ్బా ఏమన్నా పిల్లల్ని చేస్తుందా, అలా పొదుగుతున్నారు?" అనేది.

"నీకు తెలీదు. ఎప్పుడో ఒకరోజు అదే మనల్ని కాపాడుతుంది," అనేవాడు ఆయన.

ఆ రోజు రానే వచ్చింది. సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో చర్చి ఉండేది. తుపానుకి దాని గుండ్రటి కిటికీ పగిలిపోతే, కొత్తది చెయ్యమని మా మేస్త్రికి చెప్పారు. అక్కడి ఫాదరుగారు ముసలాయన. ముప్ఫై ఏళ్లు ఆ పల్లెలోనే ఉన్నాడు. నెల తిరిగాక ఒక సోమవారం పొద్దున్న బదిలీ మీద వెళ్లిపోవాలి.

"మళ్లీ ఇటు వస్తానో రానో, గవర్రాజూ. చూపు కూడా మందగిస్తోంది. వెళ్లేముందు ఆదివారం ఆ కిటికీలోంచి వెలుతురు పడటం ఒక్కసారి చూసి వెళ్తాను," అన్నాడు.

"చూస్తారు ఫాదర్. మధ్యలో ఎనిమిది రేకల పువ్వు పెడతాను. నా మాట," అన్నాడు గవర్రాజు.

ఆ కిటికీకి మూడు చుట్టల పట్టీ కావాలి. ఆయన రెండే తెప్పించాడు. "మూడోది ఎందుకు? డబ్బా ఉందిగా!" అన్నాడు.

ఫాదరుగారు వెళ్లే ముందు శుక్రవారం మధ్యాహ్నానికి కిటికీ అంతా అయింది. మధ్యలో పువ్వు ఒక్కటే మిగిలింది. రెండో చుట్ట అయిపోయింది. గవర్రాజు ముక్కుపొడి పీల్చి, మా అందరివైపూ గర్వంగా చూసి, డబ్బా దింపాడు.

మూత తీస్తే లోపల రాగి రంగే లేదు. పన్నెండేళ్లు పొయ్యి ఆవిరి తగిలి తగిలి ముక్కలన్నీ మసిబొగ్గుల్లా ఉన్నాయి. కాగితం ఒలుస్తుంటే జిగురు పొడిపొడిగా రాలిపోయింది. అంటుకున్న నాలుగింటి మీద ఆయన టంకం పోశాడు. అది వేడి పెనం మీద నీటిబొట్టులా దొర్లి కింద పడింది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. మద్రాసు నుంచి పార్సిల్ రావాలంటే ఎనిమిది రోజులు. ఫాదరుగారు ఉండేది రెండు రోజులు.

"ముసలాయనకి మాటిచ్చానే," అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మంగతాయారు ఒక నల్లముక్క ఎత్తి చూసింది. "రాగి చెంబు నల్లబడితే గోదాట్లో పారేస్తున్నానా? వరాలూ, చింతపండు నానెయ్యి!" అంది నాతో.

చింతపండులో ఇంత ఉప్పు వేశాం. జిగురు ఇంకా బతికున్న ముక్కల్ని ముందు అద్దాలకి అంటించి, మీద మెల్లగా రుద్ది, తడిగుడ్డతో తుడిచాం. రాగి మళ్లీ మెరిసింది. టంకం పట్టింది. కానీ జిగురు బతికున్నవి ఆ ఏడాదివే. డబ్బా అంతా గాలిస్తే ఆరు రేకలకి చాలి, ఇంకొక్క రేకకి సరిపడా మిగిలాయి. గవర్రాజు మిగిలిన రెండు రేకల చోట ఒకే పెద్ద అద్దం కోశాడు. అంచులు తగ్గాయి, పట్టీ సరిపోయింది. పువ్వుకి ఏడు రేకలయ్యాయి. ఒకటి మరీ వెడల్పు.

ఆదివారం కిటికీ గోడలో ఉంది. ఎండ పడింది. ఫాదరుగారు కింద పరుచుకున్న రంగుల్లో చెయ్యి పెట్టి తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తి రేకలు లెక్కపెట్టాడు.

"ఎనిమిది అన్నావు, ఏడే ఉన్నాయేం?"

అందంగా ఉంటుందని అలా చేశాను అనొచ్చు గవర్రాజు. అనలేదు. "ఎనిమిదోది నా డబ్బాలో ఎండిపోయింది ఫాదర్. అడిగినవాళ్లకి ఇవ్వలేదు, నాకూ మిగల్లేదు," అన్నాడు.

ఫాదరుగారు నవ్వాడు. "ముప్ఫై ఏళ్లలో ఎందరో వచ్చి తప్పు ఒప్పుకున్నారు గానీ, దాన్ని గోడకి బిగించి మరీ చూపించినవాడివి నువ్వే!" అన్నాడు.

ఆ తర్వాత మా షెడ్డులో పట్టీ ముక్కలు వారం దాటి నిలవలేదు. కనకరత్నం కుండీలకి రాగి మొలతాళ్లు వచ్చాయి. అబ్బులు టార్చి వెలిగింది. నాకైతే గవర్రాజే అట్టముక్కల మీద రాగితో అక్షరాలు కత్తిరించి అంటించి ఇచ్చాడు. పగలు పట్టీ రుద్దిన వేలితోనే సాయంత్రం వాటిని తడిమి దిద్దుకున్నాను. ఒక్కో అక్షరం చల్లగా, నున్నగా తగిలేది. నేను తొలిసారి నా పేరు రాసిన రోజున మేస్త్రిగారు షెడ్డు అంతా వినపడేలా చదివారు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ మనుషులూ లేరు. మీకు మాత్రం ఇంత చెబుతాను పిల్లలూ: దాచిన వస్తువు మనకోసం ఆగదు, పనికొచ్చే రోజునే పదిమందికీ పంచితే అది ఎన్నాళ్లైనా నిలుస్తుంది.