నాలుగో చరణం

"స్వరం ఎక్కడ తప్పాను గురువుగారూ?" అని కీరన్ అడగడం అది మూడోసారి.

"ఎక్కడా తప్పలేదు," అన్నాడు ఫెలిమ్, మూడోసారీ. పొయ్యి కాస్త ఎగదోసి మళ్ళీ కూర్చున్నాడు.

ఐర్లండు పడమటి తీరంలో అదొక చేపలవాళ్ళ ఊరు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గాలివానలో ఆ ఊరి పడవలు రెండు మునిగి ఏడుగురు పోయారు. వాళ్ళమీద ఊరివాళ్ళే ఒక పాట కట్టుకున్నారు. ఏటా ఆ రోజున అందరూ హాల్లో చేరతారు. ఫెలిమ్ ఆ పాటని ఫిడేలు మీద వాయిస్తాడు. విని, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఈసారి వేళ్ళు బొత్తిగా బిగుసుకుపోయి, తనకి బదులు శిష్యుణ్ణి పంపాడు.

కీరన్ సామాన్యుడు కాదు. డబ్లిన్‌లో పెరిగినవాడు, పోటీల్లో ఇదే బాణీ వాయించి జనాన్ని కుర్చీల్లోంచి లేపినవాడు. ఇక్కడా ఒకరు లేచారు. బ్రీద్ అనే ముసలావిడ. సగంలో లేచి బయటికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టలేదు సరికదా, అతని మొహం కూడా చూడలేదు. మర్నాడు ఊరి పెద్దలు ఫెలిమ్ దగ్గరికి వచ్చి, వచ్చే ఏటి నుంచి ఫిడేలు వద్దు, కొవ్వొత్తులు వెలిగించి ఊరుకుంటాం అని చెప్పి పోయారు.

అంటే ఆ బాణీ ఇక ఆ హాల్లో వినబడదు. తన చేతిమీదుగా ఆగిపోతుంది. కీరన్‌కి రెండు రోజులుగా తిండి సయించడం లేదు.

"పద," అన్నాడు ఫెలిమ్, కోటు తొడుక్కుంటూ.

కీరన్ ఫిడేలు పెట్టె అందుకోబోయాడు.

"అది వద్దు."

బయట ముసురు పట్టి ఉంది. దారిలో ఫెలిమ్ ఒక్క సంగతే చెప్పాడు. "ఏడుగురిలో ఆరుగురు ఒడ్డుకి కొట్టుకొచ్చారు. బ్రీద్ మొగుడు రాలేదు."

వాళ్ళు వెళ్ళేసరికి బ్రీద్ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. కీరన్‌ని చూసి కోప్పడలేదు. కూర్చోమంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"వీడికి ఆ పాట వినిపించమ్మా. చెయ్యి పట్టుకుంటాడు," అన్నాడు ఫెలిమ్.

ఆ ప్రాంతంలో ఒక అలవాటుంది. దుఃఖపు పాటకి పక్కవాద్యం ఉండదు. పాడేవాళ్ళు ఎవరి మొహమూ చూడకుండా గోడవైపు తిరిగి పాడతారు. పక్కన కూర్చున్నవాళ్ళు వాళ్ళ చెయ్యి పట్టుకుని, నూలు చుడుతున్నట్టు మెల్లగా తిప్పుతుంటారు. పాడేవాళ్ళకి తోడు అంతే.

బ్రీద్ తడి తుడుచుకుని తన చెయ్యి కీరన్‌కిచ్చి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. గొంతు వణుకుతోంది, శ్రుతి కూడా అంతంతమాత్రమే. మాటలు అతనికి రాని పాత భాషలో ఉన్నాయి. అయినా ఒకటి మాత్రం తెలిసింది. ఒక్కో చరణం చివర ఒక్కో మనిషి పేరు వస్తోంది. ఆ బాణీ ఏడుసార్లే ఎందుకు తిప్పి వాయించాలో అతనెప్పుడూ అడగలేదు.

నాలుగో చరణం చివర ఆ చెయ్యి తిరగడం ఆగింది. పాట లేదు. పేరు రాలేదు. రెండు ఊపిర్లు తీసేంతసేపు అతని వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకుని, ఆమె అయిదో చరణం ఎత్తుకుంది.

కీరన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఫెలిమ్ కూడా సరిగ్గా అక్కడే కమాను ఎత్తేసేవాడు. పాపం ముసలాయనకి వేళ్ళు అందడం లేదని జాలిపడి, ఆ ఖాళీని తను గమకాలతో నింపాడు. పోటీల్లో జనం లేచి నిలబడింది అక్కడే. బ్రీద్ లేచి వెళ్ళిపోయిందీ అక్కడే. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఏడవడానికి తనెవరని ఆపుకున్నాడు.

పాట అయ్యాక బ్రీద్ తన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ చాకు అందుకుంది. "వచ్చే ఏడు కూడా నువ్వే రా బాబూ. ఊళ్ళోవాళ్ళకి నేను చెప్తాలే," అంది.

తిరిగొచ్చే దారిలో కీరన్ అన్నాడు. "అక్కడ ఎవరి పేరుందో నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా గురువుగారూ."

"ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆవిడే నోటికి తెచ్చుకోలేకపోతున్న పేరు," అన్నాడు ఫెలిమ్. "నేనెట్లా చెప్పేది?"