భల్లయ్య బిగించిన బెల్టు

అనగనగా, ఎలుగుబంట్లు కార్లు నడిపే రోజుల్లో, ఒక కొండ అడవి ఉండేది. ఆ అడవి మొత్తానికి ఒకటే కారు. అది భల్లయ్య అనే ఎలుగుబంటిది.

భల్లయ్య మంచివాడు, కష్టజీవి. చేతుల్లో బలం ఉంది, ఒంట్లో బద్ధకం లేదు. ఉన్నదల్లా ఒక్క పట్టింపు. తన ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా తానే బాగుచెయ్యాలి. ఇంకొకరి చెయ్యి పడితే అతనికి చిన్నతనం.

ఒక వానాకాలం ఇంటికప్పు కురిస్తే తానే కప్పాడు. కురవడం తగ్గింది, ఒక్క మూల తప్ప. ఆ మూలలో కుండ పెట్టుకున్నారు. తర్వాత భార్య ఇప్పమ్మ తిరగలికి పిడి ఊడితే తానే బిగించాడు. తిరగలి తిరిగింది, కాస్త కుంటుతూ. పిండి బరకగా వచ్చింది, రొట్టెలు గట్టిగా వచ్చాయి. ఆ తర్వాత కారు తలుపు సరిగా పడకపోతే దాన్నీ తానే సరిచేశాడు. తలుపు గట్టిగా పడింది. ఎంత గట్టిగా అంటే, మళ్ళీ తెరుచుకోలేదు. అప్పటినుంచి అందరూ అవతలివైపు నుంచి ఎక్కి దిగుతున్నారు.

"పని జరుగుతోందా లేదా?" అనేవాడు భల్లయ్య.

జరుగుతూనే ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో ఒకరు అనవలసింది అని నాకనిపిస్తుంది. కప్పు, తిరగలి, తలుపు తప్పును ఓర్చుకునే వస్తువులు పిల్లలూ. అన్నీ అలా ఓర్చుకోవు.

భల్లయ్యకు ఒక్కతే కూతురు. పేరు నేరేడు. ఆ సంవత్సరం పువ్వుల కోసం ఇప్పచెట్టెక్కి, జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కనుమకు అవతల ఉండే కొండముచ్చు తాత ఎముకలు అతకడంలో పేరున్నవాడు. ఆయన పసరు రాసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు.

"పున్నమినాటికి తీసుకురా. కట్టు విప్పాలి" అన్నాడు తాత. "ఆలస్యమైతే మోకాలు బిగుసుకుపోతుంది. అప్పుడు పిల్ల మామూలుగా నడవడం కష్టం."

పున్నమి దగ్గరపడింది. కనుమ దారి దూరం, ఎక్కుడు. కారులో అయితే ఒక పూట. భల్లయ్య ముందుజాగ్రత్తగా కారును సెలయేటి గట్టునున్న కూర్మయ్య షెడ్డుకు తీసుకెళ్ళాడు. కూర్మయ్య తాబేలు. ఆ చుట్టుపక్కల మెకానిక్ ఆయనొక్కడే.

కూర్మయ్య మెడ చాచి ఇంజన్‌లోకి చూశాడు. "టైమింగ్ బెల్టు పగుళ్ళిచ్చింది. తెగిందంటే కనుమ మధ్యలో నిలబడిపోతారు. కారు ఇక్కడ వదిలి వెళ్ళు. పున్నమి పొద్దుటికి అందిస్తాను. నిదానంగా చెయ్యాల్సిన పని ఇది."

నిదానం అనే మాట భల్లయ్యకు పడదు. పైగా కూర్మయ్య నిదానం సంగతి అడవంతా ఎరుగును. పక్క అడవులవాళ్ళు ఆయన దగ్గర వదిలిన బళ్ళలో పిచ్చుకలు గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎగిరిపోయేవని చెప్పుకునేవారు.

"బెల్టు ఇయ్యి మామా, నేనే వేసుకుంటాను" అన్నాడు భల్లయ్య.

"వద్దంటే వింటావా?"

"వినను."

"అయితే ఇదన్నా విను" అన్నాడు కూర్మయ్య. "ఒకే రోట్లో ఇద్దరాడవాళ్ళు దంచడం చూశావుగా? ఒకరి రోకలి లేచినప్పుడే ఇంకొకరిది దిగాలి. వంతు తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. ఇంజన్ లోపలా అంతే. కింద పిస్టన్లు, పైన వాల్వులు. వాటికి వంతు చెప్పేది ఈ బెల్టు. పై చక్రానికి ఒక గుర్తు, కింది చక్రానికి ఒక గుర్తు ఉంటాయి. ఆ రెండూ కుదిరాకే బెల్టు వెయ్యాలి. వేశాక తాళం తిప్పకు. ముందు చేత్తో మెల్లగా తిప్పి చూడు. ఎక్కడైనా ఆగిందా, నువ్వూ ఆగు. వచ్చి నన్ను పిలు."

భల్లయ్య అన్నిటికీ తలూపాడు. తలూపడం తేలికే కదా.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. ఆ కారులో బెల్టు మీద ఉండాల్సిన మూత ఎప్పుడో పగిలితే, దాన్ని ఇప్పపూలు ఎండబెట్టుకునే పళ్ళెం చేసుకున్నాడు. కాబట్టి పళ్ళచక్రాలు రెండూ బయటికే కనిపిస్తున్నాయి. పాత బెల్టు లాగేశాడు. చక్రాలు వాటంతటవే కాస్త కదిలి ఆగాయి. గుడ్డ తీసుకుని జిడ్డు తుడిచాడు.

పై చక్రం మీద ఎర్రగా ఒక చుక్క కనిపించింది. కింది చక్రం మీద ఇంకొకటి. అవి కుంకుమబొట్లు. బొట్టు తుడవడం అశుభం కదా, అందుకని వాటికి కాస్త ఎడంగా తుడిచి, వాటిని మాత్రం అలాగే ఉంచాడు. ఆ బొట్ల చుట్టూ మిగిలిన జిడ్డులోనే అసలు గుర్తులు, గోటి గాటంత చిన్నవి, దాక్కుని ఉన్నాయి.

"ఇవేనన్నమాట మామ చెప్పిన గుర్తులు. కంపెనీవాళ్ళు బొట్టు పెట్టి మరీ చూపించారు" అనుకున్నాడు భల్లయ్య. చక్రాలు తిప్పి, బొట్టుకు ఎదురుగా బొట్టు కుదిర్చి, కొత్త బెల్టు వేసి బిగించాడు. ముచ్చటగా కనిపించింది.

ఇక చేత్తో తిప్పి చూశాడు. కొంత తిరిగి, టక్కున ఆగింది.

"తుప్పు పట్టి ఉంటుంది" అని నూనె పోశాడు.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"కొత్త బెల్టు కదా, బిగువుగా ఉంది" అనుకున్నాడు.

అంతలో ఇప్పమ్మ అంబలి చెంబుతో వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. "ఆగుతోంది కదండీ. కూర్మయ్య మామను ఒక్కసారి పిలవకూడదూ?" అంది.

"ఇంతా చేసి ఇప్పుడు పిలిస్తే, పనంతా తానే చేశానంటాడు" అన్నాడు భల్లయ్య. అంబలి తాగి, మూతి తుడుచుకుని, పానాకు వెనక పొడుగాటి ఇనపగొట్టం తగిలించాడు. మూడోసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. లోపలెక్కడో చిన్న చప్పుడైంది. చక్రం తిరిగింది.

"దారికొచ్చింది" అన్నాడు సంతోషంగా.

అవతలివైపు నుంచి ఎక్కి, కూర్చుని, తాళం తిప్పాడు. ఇంజన్ లోపల ఇనుము ఇనుముతో కొట్టుకుంది. ఆ చప్పుడుకు కొమ్మల మీది పిట్టలు లేచిపోయాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తిప్పితే ఇంజన్ మూలగను కూడా మూలగలేదు.

గడప మీద కట్టుకాలు చాపుకుని కూర్చున్న నేరేడు అడిగింది. "నాన్నా, రేపు వెళ్తున్నాం కదా?"

భల్లయ్య కారు దిగి ఇంజన్ ముందుకు వెళ్ళాడు. ఇప్పమ్మ దగ్గరికొచ్చి ఇంజన్‌లోకి వంగి చూసింది. "ఇదేమిటి, ఈ బొట్ల దగ్గర మాత్రం తుడవలేదు?"

"అవి కంపెనీవాళ్ళు పెట్టిన గుర్తులు."

"కాదండీ. దసరా పూజకు మేము పెట్టిన బొట్లు. ఒకటి నేను పెట్టాను, ఒకటి నేరేడు పెట్టింది. చెయ్యి అందినచోట పెట్టాం."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే అతనికి కొంత బాగుండేది.

భల్లయ్య సెలయేటి గట్టుకు పరిగెత్తాడు. కూర్మయ్యను నడవనిస్తే ఎప్పటికి చేరతాడో తెలుసు కనుక భుజం మీద పెట్టుకుని తెచ్చాడు. దారి పొడవునా బుర్రలో అబద్ధాలు అల్లాడు. బెల్టే నాసిరకం అందామా? తనంతట అదే ఆగిపోయింది అందామా? ఎవరో వచ్చి కెలికారు అందామా? మూడూ నమ్మేలాగే ఉన్నాయి.

కూర్మయ్య ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు. "ఏం చేశావు?"

భల్లయ్య ఒకసారి గడప వైపు చూశాడు. నేరేడు తన వైపే చూస్తోంది. అల్లిన అబద్ధాలన్నీ వదిలేశాడు.

"బొట్లను గుర్తులనుకున్నాను మామా. తిప్పితే ఆగింది. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు. గొట్టం తగిలించి తోశాను. ఆ తర్వాత తాళం కూడా తిప్పాను. తప్పంతా నాదే."

కూర్మయ్య పానా చేతికి తీసుకున్నాడు. "నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ తనంతట అదే ఆగిపోయిందంటారు" అన్నాడు. "అప్పుడు నేను కింది నుంచి పైదాకా వెతుక్కోవాలి. ఇంకెక్కడో చెడిందనుకుని బాగున్నదాన్ని కూడా విప్పుతాను. నువ్వు నిజం చెప్పావు, ఎక్కడ విప్పాలో తెలిసింది. వాల్వులు వంగి ఉంటాయి. మార్చాలి. కారు బతుకుతుంది, కానీ రేపటికి కాదు."

"మరి పిల్ల?"

"నీకు కాళ్ళున్నాయి కదా, భల్లయ్యా."

భల్లయ్య కూతుర్ని వీపున కట్టుకుని కనుమ దారి పట్టాడు. మధ్యలో వాన కురిసి వాగు పొంగింది. వాగు తగ్గేదాకా రాతిగుండు కింద కూర్చున్నారు. పున్నమి అక్కడే గడిచిపోయింది. నేరేడు ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "నాన్నా, నీ వీపే నయం. ఎటువైపైనా దిగొచ్చు" అంది. భల్లయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

కొండముచ్చు తాత కట్టు విప్పాడు. ఎముక అతికింది. కానీ భయపడినట్టే మోకాలు బిగుసుకుపోయింది. తాత పాదం కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి పెట్టి మెల్లగా వంచాడు. కొంచెం వంగి, అక్కడ ఆగింది. నేరేడు పళ్ళు బిగించి మూలిగింది. తాత చెయ్యి వెంటనే ఆగిపోయింది.

భల్లయ్యకు మనసు ఆగలేదు. "నన్ను పట్టనియ్యి తాతా. నాకు బలముంది. ఒక్కసారి గట్టిగా వంచేస్తే పోతుంది" అని చేతులు చాచాడు.

తాత తలెత్తి చూశాడు. "బలం నాకూ ఉంది నాయనా. ఆగినచోట దాన్ని వాడితే ఏమవుతుందో తెలుసా?"

భల్లయ్యకు తెలుసు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. నిన్నమొన్న ఇనుము మీద చేసిన పనినే ఇప్పుడు కన్నబిడ్డ కాలి మీద చెయ్యబోయాడు. ఆ చేతులను అతను తన ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాడు. అంత పెద్ద ఎలుగుబంటి, పసివాడిలా ఏడ్చాడు.

"ఏడవకు. నేర్చుకో" అన్నాడు తాత. గోరువెచ్చటి నూనె పోసి, భల్లయ్య చేతిని పట్టుకుని, మోకాలి మీద పెట్టాడు. "ఎంత వంగితే అంతే. రేపు ఇంకొంచెం వంగుతుంది."

ఆ ఋతువంతా తండ్రీకూతుళ్ళు తాత దగ్గరే ఉన్నారు. భల్లయ్య రోజూ నూనె రాసి, కాలు ఆగమన్నచోట ఆగాడు. ఎండలు తగ్గేసరికి నేరేడు లేచి నడిచింది. అలసినప్పుడు మాత్రం ఆ కాలు కొద్దిగా ఈడుస్తుంది. ఎప్పటికీ ఈడుస్తూనే ఉంటుందని తాత దాచకుండా చెప్పాడు. వాళ్ళను తీసుకెళ్ళడానికి కూర్మయ్య బాగుచేసిన కారును ఇప్పమ్మ నడుపుకుంటూ వచ్చింది. నేరేడు ముందు నడిచింది. భల్లయ్య ఆ నడక చూస్తూ వెనకాలే, ఆమె అడుగుకు తన అడుగు తగ్గించుకుని నడిచాడు.

తప్పును ఓర్చుకోని పనిని తెలిసినవారికి అప్పగించాలి; చేతికి అడ్డం తగిలినప్పుడు బలం పెంచేవాడు కాదు, ఆగి అడిగేవాడే నేర్పరి.