జాకీల మీద లేచిన ఇల్లు

సదాశివ శాస్త్రిగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. అది తెలిసి కూడా, ఆదివారం గీతాపాఠం అయ్యాక పానకాలరావు ఉండబట్టలేక అడిగేశాడు.

"వీధంతా ఒకటే వాన కదండీ, గురువుగారూ! మా ఇల్లు ముంచేసి, ఎదురింటి గడపైనా తడపలేదే. ఇదేం న్యాయం?"

అడిగింది వాన గురించే గానీ, అతన్ని తినేస్తున్నది వాన కాదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఆ కాలనీలో ఇళ్లన్నీ పల్లమైపోయాయి. ఎదురింటి నాగేంద్రం ఒక్కడే నిరుడు జాకీలు పెట్టించి, ఇంటికి ఇల్లే పైకి లేపించి, ముందు మెట్లు కట్టించుకున్నాడు. ఆనాటి నుంచీ పానకాలరావు కళ్లల్లో నిప్పులు పోసుకుంటూనే ఉన్నాడు. మొన్న వాగు పొంగి నీళ్లు మంచమెత్తు వచ్చినప్పుడు అతని భార్య హైమవతి కుట్టుమిషను మునిగి పాడైంది. పెళ్లివారి జాకెట్లన్నీ బురదపాలయ్యాయి. ఆవిడ కుట్టుపని మీదే సగం సంసారం గడిచేది.

శాస్త్రిగారు అంతా విని, ఒక పుస్తకాల మూట అతని చేతికిచ్చారు.

"మా గది కురుస్తోంది నాయనా. ఇవి మా గురువుగారు స్వహస్తాలతో రాసిచ్చినవి. ఈ వానలు వెలిసేదాకా నీ దగ్గర తడవకుండా ఉంచు."

"మా ఇంట్లోనా అండీ?"

"నీ దగ్గర అన్నాను."

ఆ సాయంత్రమే మళ్లీ కుండపోత. నీళ్లు గుమ్మం దాటాయి. అటక మీద పెడదామంటే అక్కడా గోడంతా చెమ్మే. సొంత వస్తువైతే ముంచుకునేవాడే గానీ ఆ మెట్లు తొక్కేవాడు కాదు. గురువుగారి సొత్తు కాబట్టి, మూట నెత్తిన పెట్టుకుని పళ్లు బిగించి ఎక్కాడు.

తలుపు తీసే ఉంది. ఇన్నాళ్లూ అతను కుళ్లుకున్న ఆ పొడినేల లోపల కనబడనే లేదు. వీధిలో వాళ్ల బియ్యం బస్తాలు, పరుపులు, టీవీలు, పిల్లల పుస్తకాల సంచులు; వాటి మధ్య కాళ్లు చాపుకునే చోటు లేక నాగేంద్రం గోడకు ఒదిగి కూర్చున్నాడు. ఈ పుణ్యం కూడా ఇతనే కొట్టేశాడే అని పానకాలరావుకు అప్పుడు కూడా ఒళ్లు మండింది.

కిటికీ పక్కన మాత్రం కొంచెం జాగా ఖాళీగా ఉంది.

"అక్కడ పెట్టండి, పానకాలరావుగారూ," అన్నాడు నాగేంద్రం. "మొన్న మా చెల్లెమ్మగారి మిషను కోసం ఉంచిన చోటే అది. మెట్ల మీంచి కేకేశాను కూడా. వాన హోరులో మీకు వినబడలేదేమో."

వినబడింది. మోసుకెళ్దాం రండని హైమవతి బతిమాలుతుంటే, కిటికీ రెక్కలు మూసింది తనే.

వాన తెరిపిచ్చాక పానకాలరావు మూట తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. ఎక్కడ దాచాడో, అక్కడ ఏం విన్నాడో చెప్పి తల దించుకున్నాడు. శాస్త్రిగారు అట్టలు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నారు.

"పుస్తకాలు మెట్లెక్కాయన్నమాట," అన్నారు. "మిషను ఎక్కలేకపోయింది, పాపం."