గవ్వకి బువ్వ వాసన తెలిసిన రోజు

అనగనగా, మబ్బులు గుమ్మంలోకే వచ్చి కూర్చునే ఒక కొండ ఊళ్ళో, చిలకమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడి పేరు గంగులు. ఇద్దరూ కాఫీ తోటలో పనికి పోయేవాళ్ళు. పెరట్లో నాలుగు కోళ్ళు, ఇంటి పక్కన రెండు మేకలు. అంతే వాళ్ళ సంసారం.

ఒక ఏడాది ఆ కొండ మీద వాన పట్టుకుంది. మొదటి రోజు కురిసింది. రెండో రోజూ కురిసింది. మూడో రోజు పొద్దున్న, గంగులు మేకలకి ఆకు కోసుకొద్దామని అటు వెళ్ళాడో లేదో, ఇంటి వెనకాల కొండ ఒక పక్కంతా జారిపోయింది. చెట్లూ, బండరాళ్ళూ, ఎర్రమట్టీ అన్నీ కలిసి వచ్చి ఇంటి మీద పడ్డాయి. లోపల చిలకమ్మ ఉంది.

అప్పుడు ఊరు ఊరంతా గునపాలూ పారలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇల్లు ఉండిన చోట తవ్వారు. పొద్దుగూకేదాకా తవ్వారు. ఒక తప్పేలా దొరికింది, ఒక చెప్పు దొరికింది. మనిషి దొరకలేదు.

మర్నాడు తెల్లారాక కింద నుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఈశ్వర్రావు అనే ఆయన దిగాడు. ఆయన వెనకాల తేనెరంగు కుక్క ఒకటి దిగింది. దాని పేరు గవ్వ. మట్టి కింద, కూలిన గోడల కింద ఇరుక్కుపోయిన మనుషుల్ని వెతకడం దాని పని. దానికి ఆ పని నేర్పింది ఈశ్వర్రావే.

ఆ కుక్క ఏం చేసిందో తెలుసా, తల్లీ? ఎవరి వంకా చూడలేదు. ముక్కు నేలకి ఆనించి, ఆ బురద మీద మెల్లగా నడుచుకుంటూ పోయింది. జనం తవ్విన గోతుల్ని దాటేసింది. ఇంటి జాగాని దాటేసింది. ఇంకా ముప్ఫై అడుగులు కిందికి పోయి, ఒక పనస చెట్టు పడి ఉన్న చోట ఆగింది. అక్కడే కూర్చుని ఏదో మొరిగింది, ఇక కదల్లేదు.

అక్కడెలా ఉంటుందండీ, ఇల్లు పైన కదా అన్నారు ఊరివాళ్ళు. ఈశ్వర్రావు మాత్రం అక్కడే తవ్వమన్నాడు. తవ్వారు. ఒక మనిషి నిలువు లోతు తవ్వారు, ఏమీ లేదు. రెండో నిలువు తవ్వుతుంటే దూలం తగిలింది. కొండ ఇంటినంతా పెకలించి, ముప్ఫై అడుగులు తోసుకొచ్చిందన్న మాట. ఆ దూలం కింద, గంపంత జాగాలో, చిలకమ్మ ముడుచుకుని ఉంది. ప్రాణం ఉంది.

పైన మట్టి తీసేసరికి ఆవిడకి ముందు వెలుతురు కనపడలేదట. ఒక నల్లటి తడి ముక్కు కనపడిందట. రెండు నిలువుల మట్టి మీద నుంచి, వాసన ఒక్కటే పట్టుకుని, ఆ ముక్కు తన ఊపిరిని కనిపెట్టింది. ఆ సంగతి తల్చుకుంటే ఆవిడకి ఎన్నేళ్ళకీ ఆశ్చర్యం తీరేది కాదు.

ఆ తర్వాత ఏడేళ్ళు గడిచాయి. చిలకమ్మ, గంగులు ఊరికి ఇంకో వైపు, చదునుగా ఉన్న చోట కొత్త ఇల్లు వేసుకున్నారు. ఒకరోజు ఈశ్వర్రావు దగ్గర నుంచి కబురొచ్చింది. గవ్వ ముసలిదైపోయింది, దాని చేత పని మానిపించారు. ఆయన ఉండేది పట్నంలో మూడో అంతస్తులో, కుక్క ఆ మెట్లెక్కలేకపోతోంది. నేల మీద ఇల్లున్న మంచివాళ్ళెవరైనా ఉంటే చెప్పమని అడిగాడు.

చిలకమ్మ ఎవర్నీ అడగలేదు. తెల్లారి మొదటి బస్సెక్కి పట్నం వెళ్ళింది, సాయంత్రం బస్సుకి గవ్వని తెచ్చేసుకుంది.

వచ్చేటప్పుడు ఈశ్వర్రావు ఒక పెద్ద సంచి ఇచ్చాడు. దాన్నిండా ఎండు మేత, చింతగింజలంత గుళికలు. డాగ్‌ఫుడ్ అంటారు దాన్ని. గవ్వ చిన్నప్పటి నుంచీ ఇదే తింటోందనీ, కండకీ ఎముకకీ కావలసినవన్నీ ఇందులో ఉన్నాయనీ, ఇదే పెట్టమనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ కుక్క వీపు మీంచి చెయ్యి తీయలేకపోయాడు.

ఇంటికొచ్చాక చిలకమ్మ ఒక కొత్త గిన్నెలో గుళికలు పోసి పెట్టింది. గవ్వ గిన్నె దాకా వచ్చింది, నిలబడింది, వెనక్కి వెళ్ళి పడుకుంది. కొత్త చోటు కదా అనుకున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి దాని డొక్కలు లోపలికి పోయాయి. లేచి నిలబడితే వెనక కాళ్ళు వణికాయి.

గంగులుకి భయం పట్టుకుంది. మనల్ని బతికించిన జీవం మన గడపలో పస్తుతో పోతే ఏం బతుకు మనది అన్నాడు. చిలకమ్మ వెళ్ళి పొయ్యి అంటించింది.

ఆ రోజు ఎండుచేపల పులుసు చేసింది. ఉల్లిపాయలు వేసి, ఉప్పూ కారం తగిలించి, తను తినేలాగే చేసి, గుళికల మీద పోసింది. గవ్వ లేచి వచ్చింది. పులుసంతా నాకేసింది. గుళికలు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలేదు, గిన్నె అడుగున కడిగినట్టు మిగిలాయి. తెల్లారేసరికి ఆ నాకింది కూడా కక్కేసింది.

అప్పుడు గంగులు కుక్కని భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ నడుచుకుంటూ కిందనున్న పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ గవ్వ నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కి చూసింది. ఆ తర్వాత ఒక గుళికని గుప్పిట్లో దాచి దాని ముక్కు ముందు పెట్టింది. గవ్వ అటూ ఇటూ చూసింది గానీ గుప్పిటని పట్టించుకోలేదు.

డాక్టరమ్మ చిలకమ్మ వైపు తిరిగింది. "దీనికి ఆకలి లేక కాదమ్మా. మనం అన్నాన్ని కళ్ళతో చూసి తింటాం, కుక్క ముక్కుతో చూసి తింటుంది. దీని ముక్కు ముసలిదైపోయింది. చల్లటి ఎండు గుళికలకి వాసన రాదు. గిన్నెలో తిండి ఉందని దానికి తెలియడం లేదు."

రెండు నిలువుల మట్టి కింద మనిషిని కనిపెట్టిన ముక్కు, మూతి ముందున్న బువ్వని కనిపెట్టలేకపోతోంది. చిలకమ్మ గవ్వ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఆ ముక్కునే చూసింది.

డాక్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషంతో సమానం, పులుసులూ కూరలూ పొయ్యొద్దంది. గుళికల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి నాననిస్తే వాసన లేస్తుంది, పళ్ళకీ మెత్తగా ఉంటుందంది. ఉప్పు వెయ్యకుండా కాచిన కోడి మాంసం నీళ్ళయితే ఇంకా మంచిదంది. ముక్కల్లో ఎముక ఉండకూడదు. తినకపోతే కాసేపటికి గిన్నె తీసెయ్యాలి, పాడైంది పెట్టకూడదు. అయినా తినకపోతే మర్నాడే మళ్ళీ తీసుకురమ్మంది.

ఇంటికి రాగానే చిలకమ్మ వేడి నీళ్ళు పోసింది. కానీ ఆ కొండ మీద చలి సంగతి నీకు తెలీదు, తల్లీ. అక్కడ పోసిన కాఫీ గ్లాసు ఎత్తేలోపే చల్లారిపోతుంది. గుళికలు నానేసరికి నీళ్ళు మంచులా అయిపోయాయి. గవ్వ వచ్చి మూతి పెట్టి తీసేసింది.

అప్పుడు చిలకమ్మ పెరట్లోకి వెళ్ళి ఒక కోడిని పట్టుకుంది. మాంసం ఉడకబెట్టింది. ఉప్పు లేదు, పసుపు లేదు, ఉల్లి లేదు. ఎముకలన్నీ వేళ్ళతో వెతికి వెతికి తీసేసింది. ఆ ముక్కలూ నీళ్ళూ గుళికల మీద పోసి, ఒక పళ్ళెం మూతపెట్టి, గిన్నెని పొయ్యి గట్టు మీద వెచ్చగా ఉంచింది. పసిపిల్లకి స్నానం నీళ్ళు చూసినట్టు మధ్యమధ్య వేలు పెట్టి చూసింది. కాలకూడదు, చల్లారకూడదు.

ఈలోపు ఈ సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. అప్పుడు గునపాలు పట్టుకొచ్చిన వాళ్ళే ఇప్పుడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

గుళికలు ఉబ్బాయి. చిలకమ్మ గిన్నె తెచ్చి గవ్వ మూతి ముందు పెట్టి, అప్పుడు తీసింది మూత. గుప్పున ఆవిరి లేచింది.

గవ్వ పడుకునే ఉంది. ముందు దాని ముక్కు కొస ఒక్కటే కదిలింది. తర్వాత ముక్కుపుటాలు రెండూ తెరుచుకున్నాయి. తర్వాత తల లేచింది. ఎక్కడో దూరం నుంచి ఎవరో పిలుస్తుంటే విన్నట్టుగా మొహం పెట్టింది. వణికే కాళ్ళ మీద లేచి నిలబడి, గిన్నెలో మూతి పెట్టింది.

ఆ ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి, ఒక ముసలి కుక్క బువ్వ తినే చప్పుడు విన్నది. గుళికలు ఒక్కటి మిగల్లేదు.

తినేసి, గవ్వ తలెత్తింది. మూతి తుడుచుకోనైనా లేదు. తిన్నగా చిలకమ్మ దగ్గరికి నడిచొచ్చి, ముందు ఆవిడ కాళ్ళు వాసన చూసింది. తర్వాత చేతులు చూసింది. ఆవిడ వంగితే మెడా, జుట్టూ చూసింది. మెల్లగా, తొందర లేకుండా, అంతా చూసింది. ఆ తర్వాత ఆవిడ ఎదురుగా నిటారుగా కూర్చుని మూడుసార్లు మొరిగింది. భౌ, భౌ, భౌ. మళ్ళీ వెళ్ళి పడుకుంది.

ఎందుకు మొరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఇంకా ఆకలేమో అన్నారు. కడుపులో నొప్పేమో అన్నారు. చిలకమ్మకి దిగులు పట్టుకుంది. ఆ ఊళ్ళో ఫోను పలకాలంటే కాఫీ గింజలు ఆరబోసే కళ్ళం దాకా ఎక్కాలి. ఎక్కి, ఈశ్వర్రావుకి ఫోను చేసి, జరిగిందంతా చెప్పింది.

అంతా విని ఆయన ఒక్క మాటే అడిగాడు.

"ఎన్నిసార్లన్నావు అక్కా?"

"మూడుసార్లు బాబూ. నా ఎదురుగా కూర్చుని."

"అది దాని పనిలో మాట అక్కా. మట్టి కింద మనిషి దొరికితే, ప్రాణంతో ఉంటే, అలా కూర్చుని మూడుసార్లు చెబుతుంది. నాకు తప్ప ఎవరికీ తెలీదు. అది ఆ మాట అని రెండేళ్ళయింది."

చిలకమ్మ ఫోను చెవికి పెట్టుకునే, కిందికి తన ఇంటి వైపు చూసింది. వాకిట్లో గంగులు ఆ ఖాళీ గిన్నె కడుగుతున్నాడు. పక్కన పొట్ట నిండిన గవ్వ ఎండలో పడుకుని ఉంది.

ఇక కళ్ళు మూసుకో, నా తల్లీ.

పొయ్యి మీద నీళ్ళు పొగలాయె,
గవ్వమ్మ గిన్నె ఖాళీ ఆయె,
కంచికి కథ పయనమాయె,
మనింట దీపం చిన్నదాయె.