ఉత్తరమని చెప్పి దక్షిణం తిరిగిన ఉడుత

అనగనగా ఒక అడవిలో, కొండ అంచున, ఒక పొడవాటి మద్ది చెట్టు ఉండేది పిల్లలూ. చెట్టు దగ్గరే కొండ తెగి నిలువుగా లోయలోకి దిగేది. లోయలో వాగు. చెట్టు చివరి కొమ్మ నుంచి చూస్తే, వాగులో నీళ్ళు తాగే దుప్పి కుందేలంత కనపడేది. అంత ఎత్తు.

రోజూ సందె వేళ కొన్ని జంతువులు ఆ కొమ్మ మీది నుంచి లోయలోకి దూకేవి. ఆట కోసం కాదు. పగలంతా కొండ మీద మేసి, చీకటి పడేలోపు కింద ఇళ్ళకు చేరాలి. నడిచి దిగితే కొండంతా చుట్టి రావాలి. ఆ దారిలో చిరుతపులి తిరిగేది. దూకితే ఇరవై లెక్కపెట్టేలోపు ఇల్లు.

అందరూ ఒకేలా దూకేవారు కాదు. కొండముచ్చు బూడిదయ్య రాయిలా నిటారుగా పడి, లోయలోంచి సగం ఎత్తు దాకా పెరిగిన వెదురు పొదను పట్టుకునేవాడు. ఎగిరే బల్లి చిగురమ్మ పక్కటెముకల మీది పసుపు రెక్కలు విప్పుకుని, ఆకులా నెమ్మదిగా దిగేది. చెట్టు కప్పలు వేళ్ళు విప్పి గుండ్రంగా తిరుగుతూ దిగేవి.

ఇందరు ఒకే కొమ్మ నుంచి దూకుతుంటే గుద్దుకోరా? గుద్దుకోకుండా అక్కడ ఒక పద్ధతి ఉండేది. దూకేముందు తాము ఏ దిక్కుకు పోతారో అందరూ గట్టిగా చెప్పాలి. నిటారుగా దిగేవాళ్ళు ముందు, దూరం పోయేవాళ్ళు చివర. దిగేవాళ్ళ కిందుగా ఎవరూ అడ్డం పోకూడదు. వడ్రంగి పిట్ట సుత్తెమ్మ మానును ముక్కుతో మూడుసార్లు కొట్టేదాకా కొమ్మ వదలకూడదు. సుత్తెమ్మ పెద్దది. ఆ చెట్టు తొర్రలోనే పుట్టింది. అందరూ ఆమెను పెద్దమ్మా అని పిలిచేవారు.

ఆ ఏడు వేసవిలో పక్క కొండ నుంచి ఒక ఎగిరే ఉడుత వచ్చింది. పేరు జాజు. ముందు కాళ్ళ నుంచి వెనక కాళ్ళ దాకా రెండు పక్కలా చర్మం ఉంటుంది వాడికి. నాలుగు కాళ్ళూ చాపితే అది దుప్పటిలా పరుచుకుంటుంది. ఇక గాలి మీద జారుకుంటూ లోయ దాటి, వాగు దాటి, అవతలి గట్టు దాకా పోగలడు. అంత దూరం పోగలవాడు అక్కడ ఇంకొకడు లేడు.

జాజు ఊరికే రాలేదు. పక్క కొండలో వాడికొక పండ్ల చెట్టు ఉండేది. అది ఎక్కడుందో ఒకసారి పునుగు పిల్లికి చెప్పాడు. మర్నాటికి చెట్టు ఖాళీ. ఆ రోజు నుంచి జాజు ఎవరినీ నమ్మడం మానేశాడు. ఇక్కడికి వచ్చీ రాగానే వాగుకు అవతల, దక్షిణం గట్టున, నిండా కాసిన తునికి చెట్టును కనిపెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు కొమ్మ మీద సుత్తెమ్మ అడిగింది.

"ఎటు పోతావు నాయనా?"

"ఎందుకు?" అన్నాడు జాజు.

"ఇక్కడ అందరినీ అడుగుతాం."

"దక్షిణం."

"దక్షిణం అంటే ఎంత దూరం? వాగు ఇవతలా, అవతలా?"

జాజు మీసాలు నిక్కపొడుచుకున్నాయి. 'దిక్కు చాలదట, దూరం కూడా కావాలట. రేపు చెట్టు పేరు అడుగుతారు' అనుకున్నాడు. పైకి మాత్రం "అవతల" అని గొణిగాడు.

"అయితే నువ్వు చివర. చర్మం చాపితే నీ కింద ఏముందో నీకు కనపడదు. కింద ఖాళీ అయ్యాక పో" అంది సుత్తెమ్మ.

కారణం సరిగ్గానే ఉంది. కానీ ఇంత సరైన కారణం చెబుతున్నారంటే వెనక ఇంకేదో ఉండాలి అని జాజుకు తోచింది.

రెండో రోజు జాజు ఒక సంగతి గమనించాడు. బూడిదయ్య దూకేముందు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దక్షిణం గట్టు వైపే చాలాసేపు చూశాడు. 'ఎందుకు చూస్తున్నాడు? ఆ దిక్కున తునికి చెట్టు తప్ప ఏముంది?'

మూడో రోజు జాజు కాస్త ముందుగా తన చెట్టు చేరాడు. ఇంకా వెలుతురు ఉంది. చెట్టు కింద తునికి తొక్కలు, గింజలు పడి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, కుప్ప. జాజు గబగబా చుట్టూ చూశాడు. 'దొరికిపోయాను. దిక్కు అడిగింది ఒకరు, కన్ను వేసింది ఒకరు, తిన్నది అందరూ. నన్ను చివర పంపేది ఇందుకే.'

ఆ రాత్రంతా ఆలోచించి వాడు ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపటి నుంచి అబద్ధపు దిక్కు చెప్పాలి.

మర్నాడు సందె వేళ కొమ్మ మీద చిగురమ్మ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. రోజులా చురుగ్గా లేదు. పొట్ట బరువుగా వేలాడుతోంది.

"ఎన్నమ్మా?" అని అడిగింది సుత్తెమ్మ.

"నాలుగు, పెద్దమ్మా. ఇవాళ పెట్టెయ్యాలి, ఆగేలా లేవు" అంది చిగురమ్మ.

ఎగిరే బల్లి బతుకంతా చెట్ల మీదే పిల్లలూ. గుడ్లు పెట్టడానికి మాత్రం నేల మీదికి దిగుతుంది. మెత్తని మట్టిలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, పైన తలతో తట్టి గట్టి చేస్తుంది. లోయలో అలాంటి మట్టి దక్షిణం వైపు, వెదురు పొద పక్కన, ఒక్క చోటే ఉంది. మిగిలినదంతా గులకరాళ్ళు.

చిగురమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. "నేను దక్షిణం దిగుతున్నా. ఒళ్ళు బరువు. ఎవరైనా అడ్డం వస్తే తిప్పుకోలేను. నేను దిగేదాకా దక్షిణం వైపు ఖాళీగా ఉంచండి, మీకు పుణ్యం ఉంటుంది."

"నా మీద పడకు చాలు చిగురూ, నేను ముందే పోతున్నా" అన్నాడు బూడిదయ్య. "మా మేనకోడళ్ళు నలుగురూ క్షేమంగా దిగాలి."

"మేనల్లుళ్ళు కాకూడదా?"

"నీ పోలికే వస్తే ఎవరైనా ఒకటే. రోజంతా చీమలు తింటూ కూర్చుంటారు."

అందరూ నవ్వారు. జాజు నవ్వలేదు. సుత్తెమ్మ మానును మూడుసార్లు కొట్టింది. బూడిదయ్య దూకి వెదురు పొద పట్టుకున్నాడు. తర్వాత ఆమె జాజు వైపు తిరిగింది.

"నువ్వు ఎటు నాయనా?"

"ఉత్తరం. నేరేడు తోపుకు" అన్నాడు జాజు.

సుత్తెమ్మ తల ఊపింది.

"అయితే నువ్వు ఇవాళ ఆగక్కర్లేదు. చిగురమ్మ దక్షిణం, నువ్వు ఉత్తరం. రోజూ చివర పోవాల్సి వస్తోందని ముఖం మాడ్చుకుంటున్నావుగా. ముందు పో."

మరొకడైతే సంతోషించేవాడు. జాజుకు అనుమానం ఇంకా పెరిగింది. 'మూడు రోజులు చివర నిలబెట్టినవాళ్ళు ఇవాళ ముందు పంపుతున్నారు. నేను నిజంగా ఉత్తరం పోతానో లేదో కనిపెట్టాలని కాదూ?'

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 'నేను దక్షిణం పోవాలి, ఆగుతాను' అని ఒక్క మాట చెప్పే వీలు అప్పటికీ ఉంది. వాడు చెప్పలేదు.

సుత్తెమ్మ మూడుసార్లు కొట్టింది. జాజు ఉత్తరం వైపు దూకాడు. కొమ్మ మీదివాళ్ళకు కనపడేంత దూరం తిన్నగా పోయాడు. ఒక బండ చాటు రాగానే తోక తిప్పి, వెనక్కు మళ్ళి, కొండ గోడను ఆనుకుని దక్షిణం వైపు జారాడు.

పైన సుత్తెమ్మ మళ్ళీ మూడుసార్లు కొట్టింది. చిగురమ్మ రెక్కలు విప్పి కొమ్మ వదిలింది.

జాజు ముందుకు చూడటం లేదు. ఎవరైనా వెంట వస్తున్నారేమో అని మెడ తిప్పి వెనక్కు చూస్తున్నాడు. వెదురు పొద మీది నుంచి బూడిదయ్యకు ఇద్దరూ కనపడ్డారు.

"ఒరేయ్ జాజూ! పక్కకు! పక్కకు తిరగరా!"

ఆ అరుపు జాజు విన్నాడు. 'అదుగో, కాపు కాసి కూర్చున్నాడు' అనుకున్నాడు. తిరగలేదు. వేగం పెంచాడు.

వాడి భుజం చిగురమ్మ పక్కటెముకలకు తగిలింది. ఆమె ఎడమ రెక్క ముడుచుకుపోయింది. తిరుగుతూ, తిరుగుతూ వాగు వైపు పడసాగింది. బూడిదయ్య ఒక పొడవాటి వెదురును రెండు చేతులా వంచి వాగు మీదికి చాపాడు. చిగురమ్మ వెదురు కొసను పట్టుకుంది, జారింది, మళ్ళీ పట్టుకుంది. వెదురు ఆమెను అవతలి ఒడ్డున గులకరాళ్ళ మీద పడేసింది. జాజు పోయి ఇవతలి ఒడ్డున ముళ్ళకంపలో పడ్డాడు. కుడి పక్క చర్మం జానెడు చిరిగింది.

సుత్తెమ్మ కిందికి దిగి వచ్చింది. ముందు చిగురమ్మ దగ్గరికి పోయింది. ఆమె ఊపిరి పీలుస్తోంది. కానీ గుడ్లు ఇక ఆగేలా లేవు. మెత్తని మట్టి దాకా పోయే ఓపిక లేదు. ఆ గులకరాళ్ళనే గోళ్ళతో పక్కకు తోసి గుంట చేసింది. మూడు గుడ్లు మంచివి వచ్చాయి. నాలుగోది నలిగి ఉంది. చిగురమ్మ దాన్ని కాసేపు చూసింది. మిగిలిన మూడింటి మీద ఇసుక కప్పింది. నలిగినదాన్ని పక్కన విడిగా కప్పింది.

అప్పుడు సుత్తెమ్మ ముళ్ళకంప దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఎటు పోతానని చెప్పావు?"

"ఉత్తరం."

"ఎటు పోయావు?"

"దక్షిణం."

"ఎందుకు?"

జాజు ముళ్ళలోంచే అరిచాడు. "మీరు నా తునికి పండ్లు తింటున్నారు కాబట్టి! దిక్కు అడిగేది అందుకే. ఈ బూడిదయ్య రోజూ అటే చూస్తాడు. చెట్టు కింద తొక్కలు నా కళ్ళతో చూశాను!"

బూడిదయ్యకు కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది, అదీ బాగుండలేదు. "మా అత్తగారి మంద ఆ గట్టునే ఉందిరా. ఆవిడ వస్తోందేమో అని చూసుకుంటాను. వస్తే నేను ఎటు పారిపోవాలో ఆలోచించుకోవద్దూ?"

"నేను చీమలు తింటాను" అంది చిగురమ్మ అవతలి ఒడ్డు నుంచి. గొంతు సన్నగా వచ్చింది. "తునికి పండు నేను ఏం చేసుకోను, తమ్ముడూ?"

"మరి ఆ తొక్కలు?" అన్నాడు జాజు.

సుత్తెమ్మ ఎగిరి వాగు అవతలి తునికి చెట్టు దాకా పోయింది. ఒక తొక్క ముక్కున కరుచుకుని వచ్చి వాడి ముందు పెట్టింది. తొక్క మీద పక్కపక్కనే రెండు గాట్లు ఉన్నాయి. పొడవైన ముందు పళ్ళు రెండు దిగిన గుర్తు.

"నోరు తెరువు" అంది.

జాజు నోరు తెరిచాడు. వెంటనే మూసుకున్నాడు. ఆ తొక్కలు వాడు తిని ఉమ్మినవే. రోజూ మసక చీకట్లో తిని వెళ్ళిపోయేవాడు. కింద ఏం పడిందో ఎప్పుడూ చూడలేదు.

నెల రోజులు జాజు ఎగరలేకపోయాడు. వంగిన వెదురు మీదుగా పాకి వాగు దాటి, ఆ గుంటకు దగ్గరలోనే ఒక తుమ్మ చెట్టు మీద ఉన్నాడు. పాము వస్తే అరిచేవాడు. ఎవరూ వాడిని అలా చెయ్యమని అడగలేదు. చేస్తున్నందుకు ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

చర్మం అతుక్కున్నాక మళ్ళీ మద్ది కొమ్మ మీదికి వచ్చాడు. సుత్తెమ్మ అడగకముందే చెప్పాడు.

"దక్షిణం. వాగు అవతల, పొట్టి తునికి చెట్టుకు. చివర పోతాను."

నిజమే చెప్పాడు. కానీ మిగిలినవాళ్ళు దూకలేదు. కప్పలు వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. బూడిదయ్య ఆవులించాడు.

"వాడినే ముందు పోనీ పెద్దమ్మా. వాడు దిగడం కళ్ళారా చూశాకే నేను దూకుతా" అన్నాడు.

అలా జాజు అందరికంటే ముందు దూకాడు. మూడు రోజులు కోరుకున్నది అదే. వాడు అవతల దిగేదాకా కొమ్మ మీద ఒక్కరూ కదల్లేదు. అన్ని కళ్ళూ వాడి తోక మీదే. ఒకప్పుడు వాడు అందరినీ చూసిన చూపు అది.

మరో నెలకు గులకరాళ్ళ కింద ఇసుక కదిలింది. మూడు పిల్ల బల్లులు బయటికి వచ్చాయి. రెక్కలు ఇంకా చిన్నవి, గోరంత. తల్లి వెంట వెదురు మీదుగా వాగు దాటి, పాకుకుంటూ కొండ పైకి వచ్చి మద్ది చెట్టు ఎక్కాయి. మొదటి దూకుడు రోజు వచ్చింది.

కొమ్మ కొసన వాటిని వరసగా కూర్చోబెట్టి చిగురమ్మ వెనక్కు తిరిగింది.

"నువ్వు ఎటు, జాజూ?"

"నేను ఇవాళ పోను అక్కా. పిల్లలు ముగ్గురూ దిగేదాకా ఇక్కడే ఉంటాను."

చిగురమ్మ వాడి ముఖంలోకి చూసింది. ఆ మాట బాగానే ఉంది. ఉత్తరం అన్న మాట కూడా ఆ రోజు బాగానే వినపడింది.

"ఆ కొమ్మ చాటున కాదు. ఇక్కడికి రా. నాకు కనపడేలా కూర్చో. కాళ్ళు ముడుచుకో" అంది.

జాజు వచ్చాడు. ఆమె చూపించిన చోట కూర్చుని, చర్మం మడిచి, నాలుగు కాళ్ళూ పొట్ట కింద పెట్టుకున్నాడు. చిగురమ్మ ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను వాడి మీద ఉంచింది.

సుత్తెమ్మ మూడుసార్లు కొట్టింది. మొదటి పిల్ల దూకింది. జాజు కదల్లేదు. మళ్ళీ కొట్టింది. రెండోది దూకింది. మళ్ళీ కొట్టింది. మూడోది భయపడి, తల్లి వైపు చూసి, కళ్ళు మూసుకుని దూకింది. చిన్న పసుపు రెక్కలు విచ్చుకున్నాయి. మూడూ వెదురు పొద పక్కన మెత్తని మట్టి మీద దిగాయి.

అప్పుడు చిగురమ్మ రెండో కన్ను కూడా వాడి మీది నుంచి తీసి, తానూ దూకింది.

నీతి: మన దారి నలుగురికీ నిజంగా తెలిస్తేనే నలుగురూ క్షేమంగా ఉంటారు, అనుమానంతో దారి దాచినవాడి వల్ల ముందుగా దెబ్బ తినేది ఏ పాపమూ ఎరుగనివాళ్ళు.